చిన్న కట్ట, సొంత కట్ట: అలుగును ఎవరు చూస్తారు?

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, వానాకాలం ముంగిట పనులు పక్కన పెట్టి వచ్చిన ఇంజనీరు మిత్రులకు నమస్కారం.

ఈ రోజు నేను శ్రీశైలం గురించో నాగార్జునసాగర్ గురించో మాట్లాడబోవడం లేదు. వాటికి గేట్లు ఉన్నాయి, గేట్ల దగ్గర మనుషులు ఉన్నారు, మట్టం ఒక అడుగు పెరిగితే పత్రికలు రాస్తాయి. ఒక సంస్థో, ఒక ఆసామో తన భూమిలో తన నీటి అవసరం కోసం ఉంచుకున్న మట్టికట్ట గురించి, అది పటంలో చుక్కంత కూడా కనిపించని కట్ట గురించి మాట్లాడతాను. ఆ కట్ట మీద ఎవరి కన్ను ఉండాలన్నదే నా ప్రశ్న.

హవాయి రాష్ట్రంలో కవాయి అనే ద్వీపం ఉంది. దాని ఉత్తర భాగంలో కిలవేయా అనే ఊరికి ఎగువన, చెరకు తోటలకు నీరు అందించడానికి 1890 ప్రాంతంలో కా లోకో అనే చెరువు కట్టారు. నలభై అడుగులకు కాస్త పైబడిన ఎత్తు ఉన్న మట్టికట్ట. మన పెద్ద ఊరచెరువుల కట్టలు చూసిన వారెవరికీ అది వింతగా అనిపించదు. చక్కెర కంపెనీ నడిచినంత కాలం కాలువల వెంబడి, కట్ట వెంబడి కూలీలు తిరిగేవారు. వారికి నీరే జీతం కాబట్టి కట్టను కూడా చూసుకునేవారు. 1971లో కంపెనీ మూతపడింది. భూములు చేతులు మారాయి, కొంత భాగం ఒక విశ్రాంత కార్ల వ్యాపారి చేతికి వచ్చింది. చెరువు మాత్రం అలాగే ఉంది. నీళ్లు ఉన్నాయి, కట్ట ఉంది, కట్ట మీద నడిచే మనిషి లేడు.

2006 మార్చి 14న, వారాల తరబడి ఆగని వానల తర్వాత, ఇంకా తెల్లవారకముందే ఆ కట్టకు గండి పడింది. సుమారు 40 కోట్ల గ్యాలన్ల నీరు ఒక్క పెట్టున లోయలోకి దూకింది. మన లెక్కలో చెప్పాలంటే అది టీఎంసీలో సుమారు ఇరవయ్యో వంతు; మన నీటిపారుదల చర్చల్లో ఆ అంకెను ఎవరూ నోట పలకను కూడా పలకరు. ఆ ఇరవయ్యో వంతు నీరే దిగువన ఉన్న మొరిటా అనే మరో చిన్న చెరువును కూడా తెంచి, ఇళ్లను ఊడ్చి, రహదారిని కోసి, సముద్రానికి చేరింది. ఏడుగురు చనిపోయారు. వారిలో ఒక పసివాడు, ఒక గర్భిణి ఉన్నారు. ఎవరికీ ఏ హెచ్చరికా అందలేదు.

ఎగువ చెరువు తెగితే దిగువ చెరువు నిలవదన్న సంగతి గొలుసుకట్టు చెరువుల నేలలో పుట్టిన మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోవడానికి ముందు ఎగువన పింఛ ప్రాజెక్టు కట్ట తెగింది. అవి ప్రభుత్వ కట్టలు కాబట్టి వాటి కథ వేరు, బాధ్యుల జాబితా వేరు. నీటికి మాత్రం యాజమాన్య భేదం లేదు.

కా లోకో మీద స్వతంత్ర విచారణ జరిపిన న్యాయవాది రాబర్ట్ గాడ్బీ 2007 జనవరిలో నివేదిక ఇచ్చారు. కట్ట మీదుగా నీరు పొర్లి అది తెగిందనీ, అందుకు మూలం అలుగు, అంటే చెరువు నిండాక అదనపు నీరు బయటికి పోయే దారి, పూడిపోయి ఉండడమేననీ ఆ విచారణ తేల్చింది. మట్టికట్టకు అలుగు ఎంత ముఖ్యమో ఈ సభలో చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే అవుతుంది, అయినా చెబుతాను. కాంక్రీటు గోడ మీద నుంచి కాసేపు నీరు పొర్లితే అది తట్టుకోవచ్చు. మట్టికట్ట తట్టుకోదు. పొర్లిన నీరు వెనకవైపు వాలును ముందు చిన్న చారగా కోస్తుంది, ఆ చార వాగవుతుంది, వాగు కట్ట నెత్తి వరకు పాకి వస్తుంది, ఆ తర్వాత ఆపే దారి ఉండదు.

ఇక పర్యవేక్షణ మాటకు వస్తాను. హవాయిలో ఆనకట్టల భద్రతా చట్టం లేకపోలేదు. 1987 నుంచే ఉంది. ఆ చట్టం కింద రాష్ట్ర అధికారులు కా లోకోను ఒక్కసారి కూడా తనిఖీ చేయలేదు. రికార్డుల్లో అది 'తక్కువ ప్రమాదం' తరగతిలో ఉంది. 1997లో అక్కడ అనుమతి లేకుండా మట్టి పని జరుగుతోందని కౌంటీ సిబ్బంది గుర్తించి ఆపమన్నారు కూడా. ఆ వ్యవహారం తర్వాత ముందుకు సాగలేదు. యజమాని అయిన ఆ కార్ల వ్యాపారి 2013లో, నేరం ఒప్పుకోకుండానే, కొన్ని అభియోగాలను ఎదిరించనని కోర్టుకు చెప్పాడు. 2014లో ఏడు నెలల జైలు శిక్ష పడింది. రాష్ట్రం 2007లో చట్టాన్ని తిరగరాసింది.

యజమానిని తిట్టి ఊరుకోవడం సులభం. నాకు మాత్రం ఆ 'తక్కువ ప్రమాదం' అనే రెండు మాటలే ఎక్కువ భయం కలిగిస్తాయి. ప్రమాద తరగతి అనేది కట్ట బలానికి ఇచ్చే మార్కు కాదు. కట్ట తెగితే కింద ఎవరు పోతారన్న లెక్క అది. చెరకు తోట ఉన్నప్పుడు కింద చెరకే ఉండవచ్చు. తోట పోయి ఇళ్లు వచ్చాక ఆ లెక్క మారాలి, కానీ కాగితం తనంతట తాను మారదు. కింద ఇల్లు కట్టుకున్నవాడు ఎగువన చెరువు ఉందని గమనించకపోవచ్చు, ఎగువ యజమానికి దిగువన ఇల్లు లేచిందని చెప్పేవారు ఉండరు.

మన దేశంలో ఆనకట్టల భద్రతా చట్టం 2021 డిసెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చింది. పదిహేను మీటర్లకు మించిన కట్టలు దాని పరిధిలోకి వస్తాయి. పది నుంచి పదిహేను మీటర్ల మధ్య ఉన్నవి పొడవు 500 మీటర్లకో, నిల్వ 10 లక్షల ఘనపు మీటర్లకో తగ్గకుండా ఉండడం వంటి షరతుల్లో ఏదో ఒకటి తీరితే వస్తాయి. యజమాని అన్న మాటలో ప్రభుత్వాలతో పాటు కంపెనీలు కూడా ఉన్నాయి. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తనిఖీ, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక, చట్టం కింద ఇచ్చిన ఆదేశాలు పాటించకపోవడం వల్ల ప్రాణనష్టం జరిగితే రెండేళ్ల దాకా జైలు — కాగితం మీద మంచి చట్టమే. కా లోకో ఇక్కడ ఉండి ఉంటే దాని నిల్వను బట్టి ఈ పరిధిలోకి వచ్చేది. పది మీటర్ల లోపు ఉండి, కింద బడి ఉన్న కట్ట మాత్రం రాదు. గీత ఎక్కడో ఒకచోట గీయాలి, నిజమే. కానీ ఎత్తుతో గీసిన గీతకు కింద బడి కనిపించదు.

బ్రిటన్ ఈ విషయంలో ముందే చేదు తిన్నది. వేల్స్‌లోని డాల్గారోగ్‌లో 1925 నవంబరులో ఒక అల్యూమినియం కంపెనీకి చెందిన ఎగువ కట్ట తెగి, దిగువ కట్టను కూడా తెంచి, 16 మందిని పొట్టన పెట్టుకుంది. 1930లో చట్టం వచ్చింది. ఇప్పటికీ ఆ పద్ధతి సారాంశం ఒకటే: ఖర్చు యజమానిదే, కానీ చూసేవాడు ప్రభుత్వం ఆమోదించిన జాబితాలోని స్వతంత్ర ఇంజనీరు. ప్రాణాపాయం ఉన్న జలాశయాన్ని పదేళ్లకు మించకుండా అతను చూడాలి. వేల్స్ 2016లో తన పరిధిని 25,000 ఘనపు మీటర్ల నుంచి 10,000కు దించింది. నాకు నచ్చింది ఆ దించడమే. వాళ్లు ఎత్తును పట్టుకుని కూర్చోలేదు.

జాబితాలోని ఇంజనీరు పదేళ్లకు ఒకసారి వస్తాడు, సరే. మిగతా మూడు వేల ఆరు వందల రోజుల మాట ఏమిటి? మన ఊళ్లలో చెరువును, తూమును చూసుకునే నీరటి ఉండేవాడు. తూము దగ్గర ఊటను చేత్తో పట్టి చూసేవాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలి నీరటి, కట్ట కింద కారుతున్న నీటిని గాజు గ్లాసులో పట్టి ఎండకెదురుగా ఎత్తి, "తేటగా ఉంది సారూ, కట్ట చెమట పోస్తోంది అంతే. బురద రంగు వస్తే నన్ను పిలవకండి, ఊరిని పిలవండి" అన్నాడు. ఊట వెంట మట్టి కొట్టుకొస్తోందా లేదా అని మేము పీజోమీటర్లతో (కట్ట లోపలి నీటి ఒత్తిడిని కొలిచే పరికరాలతో), కొలతల పట్టికలతో చేసే పరీక్షకు ఆ గ్లాసు మంచి మొదలు. 1874లో అమెరికాలోని విలియమ్స్‌బర్గ్‌లో మిల్లుల యజమానులు సొంతంగా కట్టుకున్న కట్ట తెగినప్పుడు 139 మంది చనిపోయారు. కట్ట కాపలాదారు జారుతున్న మట్టిని కళ్లారా చూసి గుర్రమెక్కి ఊరికి పరుగెత్తకపోయి ఉంటే ఇంకా ఎందరో పోయేవారు. ఆ కట్టకు మనిషి ఉన్నాడు. కా లోకోకు లేడు.

ఇక నేను చూసిన ఒక కట్ట గురించి చెప్పి ముగిస్తాను. ఒక కర్మాగారం తన నీటి అవసరం కోసం కట్టించుకున్న చిన్న చెరువు అది, పేరు చెప్పను. కట్ట మీద తుమ్మ మొలకలు తప్ప పెద్ద లోపం కనిపించలేదు. అలుగు దగ్గరకు వెళితే పది మీటర్ల పొడవునా అర మీటరు ఎత్తున ఇసుక బస్తాలు పేర్చి ఉన్నాయి, బస్తాల మీద చేపలు పోకుండా వల కట్టి ఉంది. ఎండాకాలానికి ఇంకాస్త నీరు నిలుస్తుందని చేశామన్నారు. లెక్క అక్కడే కాగితం మీద వేసి చూపించాను. అలుగు మీద ఒక మీటరు లోతున నీరు పారితే సెకనుకు సుమారు 17 ఘనపు మీటర్లు పోతాయి. అర మీటరు బస్తాలు మింగేస్తే మిగిలిన అర మీటరు లోతుకు సగం పోవు; ఆరు మాత్రమే పోతాయి, అంటే మూడో వంతు. మిగతా నీరు ఎటు పోతుందో మీరే చెప్పండని అడిగాను.

బస్తాలు ఆ సాయంత్రమే తీయించారు, మాట తప్పలేదు. మరుసటి వేసవిలో మరో పని మీద ఆ దారిన వెళ్తూ ఆగి చూశాను. బస్తాలు లేవు. వాటి స్థానంలో రెండు వరుసల ఇటుక గోడ, నున్నగా సిమెంటు పూసి ఉంది.