భుజం నొప్పి వెనక

శ్రోతలకు నమస్కారం. నొప్పి మన ఒంట్లో ఎలా నడుస్తుందో, పార్కిన్సన్స్ జబ్బుకూ దానికీ సంబంధమేమిటో ఈరోజు చెప్పుకుందాం.

కాలి చిటికెన వేలు గడపకు కొట్టుకున్నప్పుడు గమనించారా? ముందు చురుక్కుమంటుంది. ‘అబ్బా’ అని అరిచి కూలబడేలోపు, వెనకాలే సలుపు మొదలవుతుంది. ఈ రెంటినీ మోసే నరాల పోగులు వేరు. చురుకును తెచ్చే పోగు సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో పోతుంది. సలుపును తెచ్చేది 2 మీటర్లు దాటదు, గబగబా నడిచే మనిషి వేగమన్నమాట. రెండూ వెన్నుపాము వెనక భాగంలోకి చేరతాయి. అక్కడ కబురు మరో నాడీకణం అందుకుని, వెన్నులోనే అవతలి పక్కకు దాటి మెదడుకు ఎక్కుతుంది.

దెబ్బ తగిలిన చోట రుద్దుకోమని మనకెవరూ నేర్పలేదు. అయినా రుద్దుకుంటాం, కాస్త తగ్గుతుంది కూడా. స్పర్శను మోసే లావుపాటి పోగులు వెన్నులో నొప్పికి అడ్డుపడతాయి. 1965లో రొనాల్డ్ మెల్జాక్, ప్యాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు దీన్ని ‘గేటు’ అన్నారు. వాళ్లు చెప్పిన వివరాల్లో కొన్ని తర్వాత నిలబడలేదు గానీ, గేటు మాట మాత్రం నిలిచింది. ఆ గేటు తీయాలా, మూయాలా అని పైనుంచీ ఆజ్ఞలొస్తాయి. మెదడు అడుగున ఉండే కాండం సెరటోనిన్, నారడ్రినలిన్ అనే రసాయనాలను పంపుతుంది. మెదడులోని హైపోథలామస్ అనే భాగం దగ్గర్నుంచి డోపమిన్ అనే మరో రసాయనం దిగుతుంది.

పార్కిన్సన్స్ అనగానే చేతి వణుకే గుర్తొస్తుంది. కానీ ఆ జబ్బు ఈ ఆజ్ఞలు పంపే చోట్లను కూడా దెబ్బతీస్తుంది. ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ ముద్దలు, చనిపోయిన రోగుల వెన్నుపాములో నొప్పి కబురు అందుకునే పొరలో కూడా కనిపించాయి. 1817లో ఈ జబ్బు గురించి రాసిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ కూడా చేతుల్లో కీళ్లవాతం లాంటి నొప్పిని ప్రస్తావించాడు. మనవాళ్లు మాత్రం నొప్పిని వయసు ఖాతాలో వేసేస్తారు.

మా పెద్ద మామయ్యకు అదే జరిగింది. కుడి భుజం పట్టేసింది. చొక్కా చెయ్యి అత్తయ్య తొడగాల్సి వచ్చేది. ఏడాదిపాటు కాపడాలు, నూనెలు, సూదులు. నడుస్తుంటే ఆ చెయ్యి ఊగడం లేదని, బ్యాంకులో సంతకం చీమంత అయిపోయిందని ఎవరికీ పట్టలేదు. బొటనవేలు వణికాకే న్యూరాలజిస్టు దగ్గరికెళ్లాం. అలాగని పట్టేసిన భుజమల్లా పార్కిన్సన్స్ అనుకోకండి. చాలావరకు అది భుజం బాధే. చెయ్యి ఊగకపోవడం, అక్షరాలు చిన్నబోవడం తోడైతేనే అనుమానించాలి.

పార్కిన్సన్స్‌లో మెదడుకు డోపమిన్ కరువవుతుంది. ఆ లోటు తీర్చే మందు లెవోడోపా మన దూలగొండి గింజల్లోనూ ఉంది. అయితే గింజ గింజకూ మోతాదు మారుతుంది, మాత్ర మానేసి దాన్ని నమ్ముకోవద్దు.

మాత్రలు మొదలయ్యాక మామయ్య భుజం తేలికపడింది, సాయంత్రాలు తప్ప. అత్తయ్య క్యాలెండర్ గళ్లలో నొప్పి వచ్చిన వేళ రాస్తూ వచ్చింది: నాలుగు, నాలుగున్నర, మళ్లీ నాలుగు. మధ్యాహ్నం మాత్ర బలం తగ్గే వేళ అదే. ఆ క్యాలెండర్ చూసిన డాక్టరు నొప్పి మాత్ర రాయలేదు. ఐదు గంటల మాత్రను మూడున్నరకు జరిపారు.