శ్రీశైలానికి నడిచి వెళ్ళే దారి

శ్రోతలకు నమస్కారం.

శ్రీశైలం అంటే ఇప్పుడు మనలో చాలామందికి గుర్తొచ్చేది దోర్నాల ఘాట్ రోడ్డు మలుపులు, కడుపులో తిప్పడం, క్యూ లైను, లడ్డూ ప్రసాదం. కిటికీ పక్క సీటు దొరికితే కాస్త నల్లమల కూడా కనిపిస్తుంది. బస్సులు రాకముందు కర్నూలు వైపు జనం ఆత్మకూరు మీదుగా నడిచే వెళ్ళేవాళ్ళు. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం. మా అమ్మ ఈ పేర్లను ఎక్కాలు అప్పజెప్పినట్టు వరసగా చెబుతుంది. కొత్త కోడలిగా అత్తగారి వెంట ఆమె ఆ దారిన నడిచింది. అప్పటికే బస్సు ఉంది కదమ్మా అంటే, "చార్జీలు ఎవురిచ్చినారు మాకు?" అంటుంది.

ఆ దారి ఇప్పటికీ ఉంది. అయితే ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళడానికి లేదు. అది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. 1983 నుంచి ప్రాజెక్ట్ టైగర్ కింద ఉంది. శివరాత్రికి, ఉగాదికి మాత్రం అటవీ శాఖ యాత్రికులను నడవనిస్తుంది. మేము ఉగాదికి వెళ్ళాం. మా తమ్ముడు, మరదలు, నేను, ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు రాసి అలిసిపోయిన మా మేనకోడలు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఇంట్లోనే ఉంది. పాపకు రావాలని లేదు. హైదరాబాద్‌లో స్నేహితులందరూ సినిమాలకు పోతుంటే తనను అడవిలో నడిపించడం ఏం న్యాయమని నాగలూటి దాకా అడుగుతూనే ఉంది. నాగలూటి వీరభద్రుడి గుడి దగ్గర బూట్లు విప్పి కాళ్ళు చూసుకుంది. అక్కడి నుంచి సణగడం ఆపింది. ఓపిక లేక అనుకుంటా.

ఈ దారి చాలా పాతది. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి అటు అహోబిలానికీ ఇటు శ్రీశైలానికీ మెట్లు కట్టించాడు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా ఆత్మకూరు మీదుగా ఈ కొండ ఎక్కాడు. ఆ రోజుల్లో కర్నూలు నవాబు యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేసేవాడు. అడవిలో దారి కాపాడేది మాత్రం చెంచులు. దొంగల నుంచి, మెకాల నుంచి కాపాడి యాత్రికులను దాటించినందుకు వాళ్ళకు ఎంతో కొంత ముట్టేది. ఇదంతా నేను ఇంతకుముందు ఇంట్లో పాపకు చెప్పాను. ఫోను మీద నుంచి తల ఎత్తలేదు. నేనైనా ఆ వయసులో ఎత్తేదాన్ని కాదు. నడవని దారికి చరిత్ర చెబితే పరీక్షకు చదివినట్టే ఉంటుంది మరి.

పెచ్చెరువు దగ్గర సంగతి మారింది. ఉగాది అంటే అది కన్నడిగుల పండుగ. బళ్ళారి, రాయచూరు, ఇంకా పైన బాగల్‌కోట, విజయపుర నుంచి కాలినడకన వస్తారు. కొందరు భుజాన కంబి, అంటే కావడి, మోస్తారు. మరికొందరు కర్రకాళ్ళు కట్టుకుని నడుస్తారు. మామూలు కాళ్ళతోనే కిందామీదా పడుతున్న మాకు వాళ్ళను చూస్తే సిగ్గేసింది. మా పక్కన కూర్చున్న ఒక కన్నడ అవ్వ సద్ది మూట విప్పి, పాప చేతిలో కడక్ జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి పెట్టింది. మా సరిహద్దు ఊళ్ళలో కన్నడం కొంత అర్థమవుతుంది కాబట్టి మాట కలిసింది. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు, మల్లయ్య అల్లుడు అట. పుట్టింటివాళ్ళు పండుగకు చీరె, సారె తీసుకెళ్ళకపోతే ఎట్లా అంది.

అక్కడ చెంచుగూడెం ఉంది. ఇప్పపువ్వు ఏరుకుని వస్తున్న ఒక చెంచు పెద్దాయనతో మా తమ్ముడు మాట పెట్టుకున్నాడు. నల్లమద్ది మొదలుకు బుడిపెలా ఉబ్బిన చోట నీళ్ళుంటాయని చూపించాడాయన. చూపించాడే గానీ, చెట్టుకు గాటు పెట్టలేదు. తర్వాత మాటల్లో, మల్లయ్య తమ పిల్లను చేసుకున్నాడు, తమకు అల్లుడు అన్నాడు. శివుడు వేటకు వచ్చి చెంచు పిల్లను పెళ్ళాడిన కథ వాళ్ళది.

పాప ఇటు కన్నడ అవ్వను, అటు ఆ పెద్దాయనను చూసి అడిగింది: "అత్తా, వీళ్ళిద్దరూ అమ్మాయి తరఫువాళ్ళే. మరి మనం ఎవరి తరఫు?"

నా దగ్గర జవాబు లేదు. మా తమ్ముడు తలపాగా సర్దుకుంటూ అటు తిరిగాడు.

భీముని కొలను లోయలోకి దిగడం ఒక ఎత్తు, అక్కడి నుంచి కైలాసద్వారానికి ఎక్కడం ఒక ఎత్తు. ద్రౌపదికి దాహమైతే భీముడు గదతో కొట్టి తెప్పించిన నీళ్ళని చెప్పుకుంటారు. ఆ మెట్లు ఎక్కేటప్పుడు ఎవరూ పురాణాలు మాట్లాడరు. ఊపిరి సరిపోదు. ఎవరి పక్కన ఎవరున్నా చెయ్యి అందిస్తారు, అంతే. పాప సగం దూరం ఎవరో తెలియని ఒక ముసలాయన కర్ర పట్టుకుని, ఆయన సంచీ తను మోస్తూ ఎక్కింది. ఇంట్లో మంచినీళ్ళ సీసా నింపమంటే విసుక్కునే పిల్ల!

పైకి చేరాక సిగ్నల్ రాగానే ఇన్‌స్టా తెరుస్తుందనుకున్నాను. మా అమ్మకు ఫోన్ చేసి, అదే ప్రశ్న అడిగింది.

"మనమా? మొక్కినోళ్ళ తరఫు" అంది అమ్మ. అప్పుడు చెప్పింది. మా నాయన కంటే ముందు పుట్టిన పిల్లలు దక్కలేదట. బిడ్డ నిలబడితే ఎత్తుకుని నడిచి వస్తానని మా జేజి, అంటే నాయనమ్మ, మొక్కుకుంది. అలా నిలబడినవాడు మల్లికార్జున. ఆ మొక్కు చెల్లించాక కూడా ఆమె నడక మానలేదు, కోడలిని సైతం నడిపించింది. మా పాప పేరు మల్లిక. ఆ పేరు ఎందుకు పెట్టారో ఇంతవరకూ ఆ పిల్ల అడగలేదు, మేమూ చెప్పలేదు. చెప్పాలని తోచలేదు కూడా.

ఇంటికొచ్చాక పాప ఆదివారాలు అవ్వ పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డు చేస్తోంది. ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు, చెంచులకు ఏం ఇచ్చారు, వాన వస్తే ఏం చేశారు, అన్నీ అడుగుతుంది. జవాబులు బాగానే వస్తున్నాయి గానీ, సగం రికార్డింగు మా అమ్మ వాళ్ళ అత్తగారిని తిట్టడమే. అది కూడా చెరపొద్దని పాప ఆర్డరు.