డబ్బాలో హోరు

శ్రోతలకు నమస్కారం.

ఈ ప్రసంగాన్ని ఇంట్లో ఓసారి చదివి, రికార్డు చేసుకుని విన్నాను. నా గొంతు వెనకాల ఇంకో గొంతు వినపడింది. సీసాలో చిక్కుకున్న తుమ్మెదలా బుయ్యిమంటూ ఒకటే రొద. అదేమిటా అని చూస్తే, బల్ల కింద పదేళ్లుగా నాతో కాపురం చేస్తున్న డెస్క్‌టాప్ కంప్యూటర్. ఇన్నాళ్లూ ఆ మోత నా చెవికి ఆననే లేదు, అంతగా అలవాటు పడిపోయాను. మైకుకు ఆ మొహమాటం ఉండదు కదా! దాంతో పెట్టె విప్పాల్సి వచ్చింది. మీ ఇంట్లోనూ అలాంటి పాత కంప్యూటరు ఉంటే, అది కూడా ఇలాగే అరుస్తుంటే, నాలుగు మాటలు చెబుతాను.

మనలో చాలామంది ఆ పెట్టె మొత్తాన్ని సీపీయూ అనేస్తాం. అసలు సీపీయూ అంటే లోపల మదర్‌బోర్డు అనే పెద్ద సర్క్యూట్ పలక మీద కూర్చున్న చిన్న చదరపు బిళ్ల. అదే ప్రాసెసర్. లెక్కలన్నీ జరిగేది ఆ బిళ్లలో ఉన్న గోరంత సిలికాన్ ముక్క మీద. 1981లో వచ్చిన తొలి ఐబీఎం పీసీలో ప్రాసెసర్ మీద ఫ్యాన్ అంటూ లేదు, లోపలి భాగాలకు కరెంటు అందించే పవర్ సప్లై డబ్బాలో ఉన్న ఫ్యానే గతి. 2004 నాటికి కొన్ని పెంటియమ్ 4 ప్రాసెసర్లు 115 వాట్ల వరకు పోయాయి. వెలుగుతున్న పాతకాలపు 100 వాట్ల బల్బును ముట్టుకుంటే ఏమవుతుందో మీకు తెలుసు. ఆ వేడంతా గోరంత చోటులో పుడుతుందన్నమాట. దాన్ని లాగేయడానికి ప్రాసెసర్ మీద పలుచని అల్యూమినియం రేకులున్న దిమ్మ ఒకటి, ఆ దిమ్మ మీద ఫ్యాను ఒకటి ఉంటాయి. దిమ్మను హీట్ సింక్ అంటారు, రెండూ కలిపితే కూలర్.

ఫ్యాను ఊరికే అరవదు. ప్రాసెసర్ వేడెక్కిందని మదర్‌బోర్డు చెబితేనే వేగం పెంచుతుంది. కాబట్టి మోత వినగానే ఫ్యాను నోరు నొక్కే ఉపాయం వెతక్కండి. ఇంత వేగంగా ఎందుకు తిరగాల్సి వస్తోందో ముందు కనిపెట్టండి. వేగం కాస్త దిగినా చెవికి బోలెడంత హాయి. సగానికి సగం తగ్గితే గాలి హోరు సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. 10 డెసిబెల్స్ తగ్గితేనే మన చెవికి చప్పుడు సగమైనట్టు అనిపిస్తుంది.

అన్నిటికన్నా ముందు, అరుస్తున్నది ఎవరో తేల్చుకోవాలి. పెట్టెలో ఫ్యాను ఒక్కటే ఉండదు. పవర్ సప్లైలో ఒకటి, గ్రాఫిక్స్ కార్డు మీద ఒకటి, వెనక గోడకు ఒకటి ఉండొచ్చు, హార్డ్ డిస్కు ఉండనే ఉంది. పక్క తలుపు తీసి, ఒక మందపాటి కాగితాన్ని గొట్టంలా చుట్టండి. ఒక చివర చెవికి ఆనించి, రెండో చివర ఒక్కో ఫ్యానుకు దగ్గరగా పెట్టండి. తగలనివ్వకండి, దగ్గర పెడితే చాలు. డాక్టరు గుండె చూసినట్టే, దొంగ దొరికిపోతాడు.

చప్పుళ్లలో కూడా రకాలున్నాయి. హోరుమని ఒకే తీరుగా వస్తే అది గాలి చప్పుడు, అంటే వేగం ఎక్కువైంది. గరగర, కిర్రుకిర్రు అంటే ఫ్యాను ఇరుసు దగ్గర నూనె ఎండిపోయింది. టకటకటక అంటే ఏదో వైరు రెక్కలకు తగులుతోంది. ఆ వైరును పక్కకు లాగి కట్టేస్తే అక్కడితో సరి. పెట్టె మీద అరచేయి నొక్కగానే మోత ఆగిందంటే రేకు అదురుతోందన్నమాట, స్క్రూలు బిగించండి.

నా కంప్యూటరుది హోరు. కారణం దుమ్ము.

ఇక్కడ నా తెలివి సంగతి కూడా చెప్పాలి. రెండేళ్లుగా నేను దుమ్ము దులుపుతూనే ఉన్నాను. తలుపు తీయడం, ఫ్యాను రెక్కల్ని గుడ్డతో తుడవడం, మెరిశాయని మురిసిపోవడం. ఈసారి ఫ్యానునే హీట్ సింక్ మీంచి ఊడదీశాను. కింద బూడిదరంగు దుప్పటి పరిచి ఉంది! రేకుల మీద దుమ్ము, నూలుపోగులు, వెంట్రుకలు పేరుకుని మెత్తగా, మందంగా, ఒక్క ముక్కగా గోటితో పట్టి లాగితే చాపలా లేచి వచ్చింది. దాని కింద రేకులు కొత్తవాటిలా తళతళలాడుతున్నాయి, గాలి తగిలి ఎన్నేళ్లయిందో పాపం. రెక్కలు ఎంత తిరిగినా గాలి ఆ దుప్పటి దాటి పోతేనా? పైనుంచి చూస్తే ఇదేమీ కనపడదు. అందుకే చెబుతున్నాను, రెక్కలు తుడిచి ఊరుకోకండి, ఫ్యాను ఊడదీసి చూడండి.

ఈ పనికి ముందు ప్లగ్గు గోడ నుంచి పీకేయాలి. పీకాక పవర్ బటన్ ఓసారి నొక్కితే లోపల మిగిలిన కరెంటు కాస్తా పోతుంది. దుమ్ముకు మెత్తని బ్రష్షు, గాలి కొట్టే బ్లోయరు చాలు. గాలి కొట్టేటప్పుడు రెక్కను వేలితో పట్టుకోండి. వదిలేస్తే గిర్రున తిరిగి ఇరుసు దెబ్బతింటుంది. పైగా తిరిగే ఫ్యాను చిన్న జనరేటరు లాంటిది, వైరు బోర్డుకు తగిలించి ఉంటే వెనక్కి కరెంటు పంపగలదు. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనరును బోర్డు దగ్గరికి తేకండి, దాని గొట్టంలో స్థిర విద్యుత్తు పుడుతుంది. పవర్ సప్లై డబ్బాను మాత్రం విప్పనే వద్దు. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లు షాకు కొట్టేంత కరెంటును దాచుకుంటాయి.

దుమ్ము పోయినా వేడి తగ్గలేదంటే అనుమానించాల్సింది థర్మల్ పేస్టును. ప్రాసెసర్ పైభాగం, హీట్ సింక్ అడుగు మన కంటికి నున్నగానే కనిపిస్తాయి. నిజానికి రెండిటి మీదా సన్నని గీతలూ గుంటలూ ఉంటాయి. ఆ సందుల్లో గాలి ఉండిపోతే వేడి దాటదు. వాటిని నింపడానికే ఆ పేస్టు. ఏళ్లు గడిచేసరికి అది ఎండి సుద్దలా పొడిపొడి అవుతుంది. పాతదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి, కొత్తది కందిగింజంత నడిమధ్య పెట్టాలి. దోసిళ్లతో పూయకండి. పేస్టు ఎక్కువైతే చలువ పెరగదు, పక్కలకు కారి బోర్డంతా మసి అవుతుంది, అంతే.

కూలర్ తీయడంలో ఒక కిటుకుంది. పాత ఏఎండీ ప్రాసెసర్ల అడుగున సన్నని సూదుల్లాంటి పిన్నులుంటాయి. ఎండిన పేస్టు జిగురులా పట్టేసి, కూలర్‌ను నిలువుగా లాగితే ప్రాసెసర్ కూడా దాంతోపాటే ఊడి వచ్చేస్తుంది. పిన్నులు వంగితే ఇక మీ అదృష్టం. అందుకని ముందు ఓ పది నిమిషాలు కంప్యూటరును నడిపి, పేస్టు వెచ్చబడ్డాక ఆపి, ప్లగ్గు తీసి, గొళ్లెం విప్పి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చేయండి.

ఇంటెల్ కంపెనీ ప్రాసెసరుతో ఇచ్చే కూలర్‌కు నాలుగు మూలలా ప్లాస్టిక్ మేకులుంటాయి. తల మీద బాణం గుర్తు ఉంటుంది. ఆ వైపు తిప్పి పైకి లాగితే ఊడుతుంది. మళ్లీ బిగించేటప్పుడు బాణాన్ని వెనక్కి తిప్పి, ఎదురెదురు మూలలు జతగా, టక్కుమనేదాకా నొక్కాలి. నేను మూడు టక్కులు విని నాలుగోది కూడా విన్నాననుకున్నాను. ఆన్ చేయగానే ఫ్యాను అంతకు ముందు కన్నా ఘోరంగా అరిచింది. బోర్డులోనే ఉండి, విండోస్ కన్నా ముందు మేలుకునే బయోస్ అనే చిన్న ప్రోగ్రాము తెర మీద వేడి అంకె నా కళ్లముందే 60, 70, 80 అంటూ ఎక్కిపోతోంది. గబగబా ఆపేశాను. బోర్డు వెనక వైపు తడిమి చూస్తే ఒక మేకు అసలు రంధ్రంలోకే దిగలేదు, కూలర్ ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. నాలుగూ దిగాయో లేదో వెనక నుంచి కంటితో చూసుకోండి, చెవిని నమ్మకండి.

ఇక గరగరలాడే ఫ్యాను సంగతి. కొన్నిటికి వెనక స్టిక్కరు కింద చిన్న రబ్బరు మూత ఉంటుంది. తీసి, పలుచని మెషిన్ ఆయిల్ ఒక్క చుక్క వేస్తే కొన్నాళ్లు బుద్ధిగా తిరుగుతుంది. వంటనూనె, తలనూనె వేయకండి, అవి కొన్నాళ్లకు బంకలా చిక్కబడతాయి. ఇరుసు అరిగిపోయి ఉంటే మాత్రం నూనెతో ఒరిగేదేమీ లేదు, కొత్త ఫ్యాను వేయడమే. అదే కొలతది, అన్ని వైర్లే ఉన్నది తెచ్చుకోండి.

వైర్లంటే గుర్తొచ్చింది. మూడు వైర్ల ఫ్యానుకు వోల్టేజీ తగ్గిస్తేనే వేగం తగ్గుతుంది. నాలుగు వైర్లదానికి నాలుగో వైరు ద్వారా సెకనుకు సుమారు 25,000 సార్లు ఆన్ ఆఫ్ అంటూ సంకేతం వెళుతుంది. మనిషి చెవి 20,000 దాకానే వింటుంది కాబట్టి ఆ టకటక మనకు వినపడదు. చిక్కెక్కడంటే, బోర్డు మీద నాలుగు పిన్నుల చోట మూడు వైర్ల ఫ్యాను తగిలించి, బయోస్‌లో పీడబ్ల్యూఎమ్ అనే ఈ నాలుగో వైరు పద్ధతి ఉంచితే, వేగం తగ్గించమన్న కబురు ఫ్యానుకు అందదు. అది జీవితాంతం పూర్తి వేగంతోనే తిరుగుతుంది. దుమ్ము లేదు, వేడి లేదు, అయినా హోరు తగ్గదంటే మొదట ఇక్కడ చూడండి. వోల్టేజీ పద్ధతికి మారిస్తే చాలు. బయోస్‌లో ఈ అమరిక క్యూ-ఫ్యాన్ అనో స్మార్ట్ ఫ్యాన్ అనో ఉంటుంది, బోర్డును బట్టి పేరు మారుతుంది. అందులో సైలెంట్ అని ఉంటే ఎంచుకుని, బరువైన పని ఏదైనా నడిపిస్తూ ఓ అరగంట వేడిని గమనించండి. 70 డిగ్రీల లోపే ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు.

ఏ పనీ చెప్పకపోయినా ఫ్యాను పరుగెడుతోందా? ఏ ప్రోగ్రాము ప్రాసెసర్‌ను ఎంత వాడుకుంటోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. చాటుగా ఏదో ప్రోగ్రాము ప్రాసెసర్‌ను దున్నేస్తూ ఉండొచ్చు. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99 శాతానికి దించితే, టర్బో, అంటే అవసరమైనప్పుడు మామూలు వేగాన్ని మించి పరుగెత్తే గుణం, ఉన్న చాలా ప్రాసెసర్లలో ఆ టర్బో ఆగిపోతుంది. పోయేది ఒక్క శాతంలా కనిపిస్తుంది గానీ, వేడి మాత్రం బాగా దిగుతుంది. ఉత్తరాలు రాసుకోవడానికి, పాటలు వినడానికి టర్బో ఎవరికి కావాలి చెప్పండి!

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఇవన్నీ చేశాక బటన్ నొక్కగానే ఫ్యాను ఒక్కసారిగా హోరెత్తితే కంగారుపడి మళ్లీ విప్పకండి. చాలా బోర్డుల్లో బయోస్ మేలుకుని పగ్గం చేతికి తీసుకునేదాకా ఫ్యాను పూర్తి వేగంతో తిరగడం మామూలే. రెండు మూడు సెకన్లు ఆగండి, అదే దిగుతుంది. నమస్కారం.