వాయిస్ వరుసను వాయిస్‌కే వదలండి

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న నెట్‌వర్క్ నిర్వాహకులకు, విద్యార్థులకు నమస్కారం. పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పడం మర్యాదే. అయితే సమయం తక్కువ, నేను చెప్పవలసిన మాట ఒక్కటే. అది చాలాకాలంగా మనసులో రగులుతోంది కాబట్టి నేరుగా చెప్పేస్తాను. మీ యాక్సెస్ పాయింట్లలో, అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెల్లో, ఫోను మాటల కోసం ఉన్న వాయిస్ వరుసను వాయిస్‌కే వదలండి. ఇంకెవరు అడిగినా, ఎంత గట్టిగా అడిగినా ఇవ్వకండి.

నాకు అప్పగించిన అంశం ప్రాధాన్యాల సెట్టింగులు కాబట్టి పూర్వరంగం రెండు ముక్కల్లో ముగిస్తాను. మొదట్లో వైఫై అన్ని ప్యాకెట్లనూ, అంటే డేటా ముక్కలనూ, ఒకే గాటన కట్టేది. 2004లో వైఫై అలయన్స్ డబ్ల్యూఎంఎం అనే ప్రాధాన్యాల పద్ధతికి ధ్రువీకరణ మొదలుపెట్టింది, 2005లో దానికి ఆధారమైన 802.11ఈ వైఫై ప్రమాణానికి ఆమోదం లభించింది. ఆ పద్ధతి ఉన్న యాక్సెస్ పాయింట్‌లో నాలుగు వరుసలు: వాయిస్, వీడియో, బెస్ట్ ఎఫర్ట్ (మామూలు డేటా), బ్యాక్‌గ్రౌండ్ (తొందరలేని డేటా). ఇది మీకు తెలిసిందే.

నన్ను ఇక్కడిదాకా తెచ్చింది వేరే సంగతి. ఫోనులో రోగులకు సలహాలు చెప్పే విభాగం ఒకటి. సిబ్బంది చేతుల్లో వైఫై ఫోన్లు. మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందని వాళ్లు నెలల తరబడి మొరపెట్టుకున్నారు. బ్యాండ్‌విడ్త్ చాలడం లేదని జవాబు వచ్చింది. పెద్ద ప్లాన్ కొన్నారు, ఫలితం లేదు. నన్ను పిలిచినప్పుడు ఒక నర్సు పక్కన కూర్చుని విన్నాను. "ఈ రెండు మాత్రలూ కలిపి వేసుకోవద్దు" అని ఆమె స్పష్టంగా చెప్పింది. అవతలి ఫోనులో "కలిపి వేసుకో" వరకే వినిపించింది. సాధారణంగా ఫోను 20 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్ పంపుతుంది. పది పన్నెండు ప్యాకెట్లు వరుసగా పోతే చివరి "వద్దు" పోతుంది. ఆమె ఆ వాక్యాన్ని మళ్లీ మళ్లీ చెప్పింది. అలా చెప్పడం ఆమెకు అప్పటికే అలవాటైపోయింది. ఆ అలవాటే నాకు బాధ కలిగించింది.

సెట్టింగుల పేజీ తెరిచాను. అక్కడ నాలుగు వైఫై నెట్‌వర్కులు ఉన్నాయి. ఫోన్లకు ఒకటి, కార్యాలయానికి ఒకటి, సందర్శకులకు ఒకటి, కెమెరాలకు ఒకటి. నాలుగింటికీ అత్యధిక ప్రాధాన్యం, అంటే వాయిస్ వరుస! ఎవరు అడిగితే వారికి ఇచ్చుకుంటూ పోయారు. అందరూ పల్లకీ ఎక్కేవారే అయితే మోసేవారెవరు?

ఇక్కడ కాస్త నిదానంగా వినండి, ఎందుకంటే ఈ లెక్క తెలిస్తే మీరు ఇంకెప్పుడూ ఆ పని చేయరు. వైఫైలో ఒక చానల్ మీద ఒకసారి ఒకరే మాట్లాడాలి. అవకాశం కోసం ప్రతి పరికరమూ ముందు కొంతసేపు ఆగి, తర్వాత ఒక అంకెను యాదృచ్ఛికంగా ఎంచుకుని సున్నా దాకా లెక్కపెడుతుంది. 5 గిగాహెర్ట్జ్‌లో వాయిస్ ప్యాకెట్ ఉన్న ఫోను 34 మైక్రోసెకన్లు ఆగితే చాలు. బ్యాక్‌గ్రౌండ్ ప్యాకెట్ అయితే 79 ఆగాలి. ఇక అంకెల సంగతి. బెస్ట్ ఎఫర్ట్ వరుసకు మొదట 0 నుంచి 15 వరకు, అంటే పదహారు అంకెలు. వాయిస్‌కు 0 నుంచి 3 వరకు, నాలుగంటే నాలుగే. వాయిస్ వేగంగా దూరిపోయేది అందుకే. ఇప్పుడు ఒకే చానల్ మీద ఐదు పరికరాలు వాయిస్ వరుసలో ఒకేసారి పోటీకి దిగాయనుకోండి. నాలుగు అంకెలు, ఐదుగురు. కనీసం ఇద్దరికి ఒకే అంకె రాక తప్పదు. ఆ ఇద్దరూ ఒకేసారి పలుకుతారు, ఢీకొంటారు, రెండు ప్యాకెట్లూ పోతాయి. తర్వాత మళ్లీ ప్రయత్నించినా వాయిస్‌కు ఆ పరిధి 7 దాటి పెరగదు. బెస్ట్ ఎఫర్ట్ వరుసకైతే 1023 దాకా సర్దుకునే వీలుంది.

అర్థమైందా? ఆ వరుస కొద్దిమంది కోసం కట్టింది. చిన్న ప్యాకెట్లు, అప్పుడప్పుడు వచ్చేవి, ఆలస్యమైతే పనికిరానివి, వాటి కోసం. అందులో ఫైళ్ల డౌన్‌లోడ్లు పోస్తే ఫోను మాట వాటి వెనక నిలబడాలి, పైగా ఆ ఇరుకులో ఢీకొనాలి. ఆ డౌన్‌లోడ్లకైనా లాభం ఉందా? లేదు. చాలా యాక్సెస్ పాయింట్లు వాయిస్ వరుసలో ప్యాకెట్లను గుదిగుచ్చి పంపవు, కాబట్టి వేగమూ పడిపోతుంది.

ఇదంతా ఎందుకు, డబ్ల్యూఎంఎం ఆపేస్తే పోతుంది కదా అని సలహా ఇచ్చేవారున్నారు. ఆ మాట దయచేసి నమ్మకండి. 802.11ఎన్, ఆ తర్వాత వచ్చిన ప్రమాణాల వేగాలు డబ్ల్యూఎంఎం మీదే ఆధారపడ్డాయి. అది ఆపితే మీ కొత్త పరికరం సెకనుకు 54 మెగాబిట్ల పాత కాలానికి వెళ్లిపోతుంది.

ఆ విభాగంలో మూడు నెట్‌వర్కులను మామూలు ప్రాధాన్యానికి దించాం. మాట చాలావరకు బాగుపడింది, కానీ పూర్తిగా కాదు. మిగిలిన లోపం 46 అనే అంకెలో దొరికింది. వాయిస్ ప్యాకెట్ మీద ఐపీ శీర్షికలో, అంటే చిరునామాలుండే ముందు భాగంలో, వేసే డీఎస్‌సీపీ అనే ప్రాధాన్య గుర్తు సాధారణంగా 46. ద్విసంఖ్యలో రాస్తే 101110. చాలా పరికరాలు అలవాటుగా మొదటి మూడు బిట్లనే తీసుకుంటాయి. 101 అంటే 5. వైఫై ప్రాధాన్య అంకెల్లో 5 అంటే వీడియో వరుస! వాయిస్ కావాలంటే 6 రావాలి. ఎవరూ ఏ తప్పూ చేయకుండానే వాయిస్ వెళ్లి వీడియోలో కూర్చుంటుంది. 2018లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8325 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం దీన్ని సరిచేసి, 46ను 6కు కలపాలని చెప్పింది. మీ పరికరంలో ఆ పట్టిక ఎక్కడుందో వెతకండి. డీఎస్‌సీపీ మ్యాపింగ్ అనో, క్యూఓఎస్ (సేవా నాణ్యత) మ్యాప్ అనో ఉంటుంది. చేత్తో మార్చాల్సి రావచ్చు. అక్కడ మేము అదే చేశాం. ఆ నర్సు వాక్యం చివరిదాకా వెళ్లింది.

ఇంకొక్క మాట, ముందు వరుసలోని విద్యార్థులకు. ఈ సెట్టింగులు యాక్సెస్ పాయింట్ నుంచి ఫోనుకు వెళ్లే దారిని మాత్రమే నేరుగా శాసిస్తాయి. ఫోను నుంచి వచ్చే ప్యాకెట్ ఏ వరుసలో ఎక్కాలో ఫోనే నిర్ణయించుకుంటుంది. మీరు నియమాలు ప్రకటించగలరు, అంతే. అలాగే ఇంటర్నెట్ దాటి వచ్చేసరికి గుర్తు చెరిగిపోవడం మామూలు. మధ్యలో తీగల నెట్‌వర్క్‌ను కలిపే స్విచ్ కూడా గుర్తును నమ్మకుండా సున్నా చేయవచ్చు.

అందుకే టిక్కు పెట్టి వచ్చేయకండి. ఒక కాల్ చేసి, గాలిలోని ప్యాకెట్లను పట్టి, ప్యాకెట్లను విప్పి చూపే వైర్‌షార్క్ సాఫ్ట్‌వేర్‌లో క్యూఓఎస్ కంట్రోల్ భాగం తెరవండి. గుప్తీకరణ ఉన్నా అందులోని ప్రాధాన్య అంకె బయటికే కనిపిస్తుంది. 6 ఉంటే సరే. 5 ఉంటే పట్టిక మార్చండి. 0 ఉంటే స్విచ్ దగ్గరికి నడవండి. ఫోనుకు వెళ్లేదీ ఫోను నుంచి వచ్చేదీ రెండూ చూడండి. ఎవరి దగ్గరైనా అలాంటి నమూనా ఉంటే విరామంలో తీసుకురండి, కలిసి చూద్దాం.