ప్లాస్టిక్ గీతల సర్క్యూట్ బోర్డు: ప్రింటర్ నుంచి ఎల్ఈడీ వెలిగేదాకా

నమస్తే అండీ. బెజవాడ మొగల్రాజపురంలో మా ఇంటి మేడ మీద గది ఇది. చప్పుడు మైకులో పడుతోందని ఫ్యాన్ ఆపేశాను, చెమటలు కనిపిస్తే ఏమనుకోకండి.

బోర్డు మీద అక్కర్లేని రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ మరకలు లేకుండా, డ్రిల్లు లేకుండా, త్రీడీ ప్రింటర్ మీదే పనిచేసే బోర్డు తీద్దాం. ప్రింటర్‌లో రెండు ఫిలమెంట్లు, అంటే కరిగించి పోసే ప్లాస్టిక్ తీగలు, ఉన్నాయి. తెల్లది మామూలు పీఎల్ఏ ప్లాస్టిక్. నల్లది కార్బన్ బ్లాక్ కలిపిన పీఎల్ఏ, ఇందులో కరెంటు పారుతుంది.

పారుతుంది అన్నాను కానీ, ఎంత పారుతుందో ముందు చూడండి. ఈ నల్ల గీత పొడవు 5 సెంటీమీటర్లు, వెడల్పు 2 మిల్లీమీటర్లు, మందం 1 మిల్లీమీటరు. ప్రింట్ చేశాక ఈ రకం ఫిలమెంట్ రెసిస్టివిటీ, అంటే కరెంటుని అడ్డుకునే గుణం, దాదాపు 30 ఓమ్-సెంటీమీటర్లు. లెక్కేస్తే గీత రెసిస్టెన్స్ 7,500 ఓమ్‌లు! మామూలు బోర్డు మీద 35 మైక్రాన్ల రాగి పూతతో ఇంతే పొడవు, ఇంతే వెడల్పు గీత గీస్తే ఓమ్‌లో వందో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. గుంటూరులో మా బాబాయి ఇది విని, పొలం మోటారుకి ఆటో స్టార్టర్ బోర్డు తీసివ్వరా అన్నాడు. కుదరదు బాబాయ్.

మరి ఎందుకూ పనికిరాదా? ఎల్ఈడీకి కరెంటు ఎక్కువ కాకుండా ఆపే రెసిస్టర్ ఈ గీతే అనుకోండి, అప్పుడు దారి దొరుకుతుంది. 9 వోల్టుల బ్యాటరీలో ఎర్ర ఎల్ఈడీ దాదాపు 2 వోల్టులు తింటుంది. మిగిలిన 7 వోల్టుల్ని 7,500తో భాగిస్తే 0.9 మిల్లీఆంపియర్ల పైచిలుకు. ఎల్ఈడీ మసకగానైనా వెలుగుతుంది. అందుకే విడిగా రెసిస్టర్ పెట్టడం లేదు. రానూ పోనూ రెండు గీతలు, ఒక్కొక్కటీ రెండున్నర సెంటీమీటర్లు.

డిజైన్‌లో ప్లాస్టిక్ పలకని, గీతల్ని వేర్వేరు బాడీలుగా, అంటే విడి భాగాలుగా, గీయండి. గీతల మధ్య కనీసం 2 మిల్లీమీటర్లు వదలండి. నల్ల ఫిలమెంట్ సన్నటి పోగులు సాగుతుంది, అవి పక్క గీతకు తగిలితే కరెంటు అడ్డదారి పడుతుంది. గీతని నిలువుగా లేపకుండా పడుకోబెట్టే ప్రింట్ చేయండి. పొరకీ పొరకీ మధ్య అతుకు బలహీనం, అటువైపు రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది.

నా ప్రింటర్‌కి నాజిల్ ఒక్కటే, రెండు ఫిలమెంట్లూ దాంట్లోంచే మారుతూ రావాలి. ఫిలమెంట్ మార్చినప్పుడల్లా నాజిల్‌లో మిగిలిన పాతదాన్ని పక్కన దిమ్మలా కక్కిస్తుంది, దాన్నే పర్జ్ టవర్ అంటారు. మొదటిసారి ఫిలమెంట్ దండగని దాన్ని తీసేశాను. మార్చినచోట నల్లలో తెలుపు కలిసి గీత తెగిపోయింది. పైకి చూస్తే బాగానే ఉంది, మీటర్ మాత్రం ఉలకదు పలకదు. ఒక సాయంత్రం గోవిందా.

ప్రింట్ అయింది. ఇప్పుడు అసలు తిప్పలు. కాళ్లని అతికే టిన్-సీసం సోల్డర్ కరగాలంటే 183 డిగ్రీలు కావాలి, పీఎల్ఏ 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. సోల్డర్ పెడితే బోర్డు అప్పడంలా ముడుచుకుంటుంది. అందుకని నల్ల గీత చివర బిగుతుగా ఉండే చిన్న రంధ్రం వదిలాను. ఎల్ఈడీ కాలు అందులో దూర్చి, సోల్డరింగ్ ఐరన్ మొనని కాలికి మాత్రమే రెండు సెకన్లు ఆనించండి. చుట్టూ ప్లాస్టిక్ కరిగి కాలిని పట్టేస్తుంది. కిటికీ తెరిచి చేయండి. బ్యాటరీ వైర్లకి మరలు, వాషర్లు బిగించాను. ఎంత ఎక్కువ మేర ఆనితే కాంటాక్ట్ అంత మంచిది.

రాగి కలిపిన ఎలక్ట్రిఫై అనే ఫిలమెంట్ రెసిస్టివిటీ 0.006 ఓమ్-సెంటీమీటర్లు. దాంతో ఇదే గీత ఒకటిన్నర ఓమ్‌కి వచ్చేస్తుంది. వెండి సిరా వాడే యంత్రాలు వేరే దారి. వాక్సెల్8 అనే కంపెనీ వాళ్లు 2015లో చూపించింది పీఎల్ఏ, వెండి సిరా రెండూ వేసే డెస్క్‌టాప్ ప్రింటరే. నాకైతే ముందు ఈ నల్ల ఫిలమెంట్‌తో చేతులు కాల్చుకోవడమే నయం. టచ్ స్విచ్‌లకి ఇది చక్కగా సరిపోతుంది, అక్కడ కరెంటు దాదాపు అక్కర్లేదు కాబట్టి వేల ఓమ్‌లున్నా ఇబ్బంది లేదు.

సరే, బ్యాటరీ పెడుతున్నా. వెలగలేదా? కంగారు పడకండి, ఎల్ఈడీ తిరగేసి పెట్టారేమో చూడండి. నేనూ అదే చేశాను. ట్యూబ్‌లైట్ ఆపుతున్నా... అదిగో, చూశారా ఎర్రగా! చూసి మురిసిపోయి మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి. మన బెజవాడ ఎండకి ఐరన్ అక్కర్లేదు.