షాహిద్ డ్రిబ్లింగ్: ఆ మణికట్టులో ఏం జరిగేది?

[తెర: వారణాసి ఘాట్లు. తర్వాత మాస్కో 1980 ఫైనల్ నిశ్చల చిత్రం.]

వాయిస్: 2016 జూలై 20న భారత హాకీ ఆటగాడు మహమ్మద్ షాహిద్ కన్నుమూశారు. 56 ఏళ్లు. పోయే వయసు కాదు. ఆయన సొంత ఊరు వారణాసిలోనే కాదు, హాకీ ఆడే ఊళ్లన్నిటా అభిమానులు తలుచుకున్నది ఆ డ్రిబ్లింగ్‌నే, అంటే బంతిని స్టిక్‌తో అటూ ఇటూ కదుపుతూ ముందుకు తీసుకెళ్లడాన్నే. బంతి స్టిక్‌కి అతుక్కుపోయినట్టు ఉండేదని అంటారు. అలా కనిపించడానికి చేతులు ఏం చేయాలో ఈరోజు దగ్గరగా చూద్దాం.

ముందు రెండు ముక్కలు. షాహిద్ పుట్టింది 1960 ఏప్రిల్ 14న. ఇరవై ఏళ్లకే మాస్కో ఒలింపిక్స్. ఫైనల్లో స్పెయిన్ మీద మనవాళ్లు 3-0 ఆధిక్యంలో ఉండగా స్కోరు 3-2 దాకా వచ్చేసింది. అప్పుడు నాలుగో గోల్ కొట్టింది షాహిదే. మ్యాచ్ 4-3తో ముగిసింది. ఒలింపిక్స్ హాకీలో మనకు ఇప్పటివరకు అదే ఆఖరి స్వర్ణం.

[తెర: స్టిక్ తల క్లోజప్. చదును వైపు, గుండ్రటి వైపు.]

వాయిస్: హాకీ స్టిక్‌కి ఒకవైపే చదును. వెనకవైపు గుండ్రంగా ఉంటుంది, దాంతో బంతిని తాకితే ఫౌల్. మరి బంతిని కుడి నుంచి ఎడమకీ, ఎడమ నుంచి కుడికీ అదే చదునుతో ఎలా లాగాలి? స్టిక్‌నే తిప్పాలి. ప్రపంచమంతా దీన్ని ఇండియన్ డ్రిబుల్ అంటుంది.

[తెర: పై నుంచి తీసిన షాట్, నెమ్మదిగా.]

వాయిస్: ఎడమ చెయ్యి స్టిక్ పై చివర గట్టిగా. కుడి చెయ్యి హ్యాండిల్ మధ్యలో, వదులుగా, గొట్టంలా. బంతి మీకు ఓ చెయ్యి దూరం ముందు, కుడి బూటుకి కాస్త ఎదురుగా. చదునుతో బంతిని ఎడమకి తోయండి. ఇప్పుడు ఎడమ మణికట్టుని గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిప్పండి. స్టిక్ తల బంతి పైనుంచి దాటి, కొన మీ వైపు తిరుగుతుంది. అదే చదునుతో బంతిని కుడికి లాగండి. తిప్పేది ఎడమ చెయ్యే. కుడిచేతి గొట్టంలో స్టిక్ ఊరికే తిరుగుతుంది, అంతే.

నూటికి తొంభై మంది తప్పు చేసేది ఇక్కడే. కంగారులో కుడి చెయ్యి బిగిస్తారు. స్టిక్ సగమే తిరుగుతుంది, బంతికి గుండ్రటి వైపు తగులుతుంది, విజిల్ పడుతుంది. ఇంకో తప్పు: బంతిని పాదాల దగ్గరికి లాక్కోవడం. అప్పుడు వీపు వంగిపోతుంది, చూపు నేలకి దిగుతుంది, ఎదురొచ్చే డిఫెండర్ కనిపించడు.

[తెర: మట్టి గ్రౌండ్, వరసగా ఐదు ఇటుకలు.]

వాయిస్: సాధనకి ఇటుకలు చాలు. మొదటి వారం నిలబడే చేయండి: అడుగు వెడల్పులో ఎడమ, కుడి, రోజూ పది నిమిషాలు. శబ్దం వినండి. టక్, టక్ అని ఒకే తాళంలో రావాలి. తర్వాత ఐదు ఇటుకలు మీటరు దూరంలో పెట్టి నడుస్తూ, ఆ తర్వాత పరుగెడుతూ. మట్టి మీద బంతి ఎగురుతుంది, కాబట్టి వెడల్పు సగానికి తగ్గించండి. టర్ఫ్ (కృత్రిమ గడ్డి) మీద పెంచుకోవచ్చు. స్టిక్ నిలబెడితే తుంటి ఎముక దాకా రావాలి. పెద్దవాళ్లలో చాలామందికి 36.5 అంగుళాలు సరిపోతుంది. బంతి 156 నుంచి 163 గ్రాములు. టెన్నిస్ బంతితో నేర్చుకుంటే ఆ బరువు చేతికి అలవాటు కాదు.

[తెర: ఇద్దరు ఫార్వర్డ్‌ల కదలికల గీత.]

వాయిస్: ఇంతవరకూ చాలామందికి వస్తుంది. షాహిద్ దగ్గర అసలైన గొప్పతనం దీని తర్వాతే ఉంది. స్టిక్ ఒకవైపు, నడుము ఇంకోవైపు వెళ్లేవి. డిఫెండర్ నడుముని నమ్మి బరువు ఒక కాలి మీద వేస్తాడు. ఆ కాలు లేచేలోపు బంతి అవతలికి. ఇద్దరు తన మీదకి వచ్చేదాకా ఆగితే ఎడమ వింగ్‌లో, అంటే మైదానం ఎడమ అంచున, సహచరుడు జఫర్ ఇక్బాల్‌కి దారి ఖాళీ. పుష్ అంటే స్టిక్ ఎత్తకుండా బంతిని తోయడం, హిట్ అంటే స్టిక్ ఎత్తి కొట్టడం. ఆ పాస్ కూడా చాలాసార్లు ‘సగం పుష్, సగం హిట్’: డ్రిబుల్ పట్టు మార్చకుండా, స్టిక్‌ని వెనక్కి పెద్దగా ఎత్తకుండా కొట్టడం. ఎత్తితే డిఫెండర్ ముందే పసిగడతాడు. ఎత్తకపోతే బంతి వెళ్లాకే తెలుస్తుంది. మామూలు పుష్ కంటే వేగం ఎక్కువ, పూర్తి హిట్ కంటే గురి ఎక్కువ. భారత జట్టు మాజీ కెప్టెన్ ధన్‌రాజ్ పిళ్లై తనకి ఆదర్శం షాహిదేనని చెప్పుకున్నారంటే ఊరికే కాదు.

[తెర: మళ్లీ మాస్కో ఫైనల్.]

వాయిస్: ఆయన ఆట దొరికినచోట మొదటిసారి బంతిని చూస్తూ చూడండి. రెండోసారి బంతిని వదిలేసి, ఎదురుగా ఉన్న డిఫెండర్ బూట్లు చూడండి. ఏ కాలి మీద బరువు పడిందో, దానికి రెండో వైపు నుంచే షాహిద్ వెళ్లిపోతారు.