నల్లగొండకు ఒక చిన్న రేడియో: మైక్ ముందర ఎవరు, వినేటోళ్లు ఎవరు

[విజువల్: విజయవాడ హైవే, కారు లోపల, డాష్‌బోర్డు మీద ఎఫ్‌ఎం నంబర్ దగ్గరగ]

హైదరాబాద్ కెల్లి నల్లగొండకు కార్ల వచ్చేటోళ్లకు ఈ సంగతి బాగ తెలుసు. ఎల్బీనగర్ల ఎఫ్‌ఎం పెడ్తం, హయత్‌నగర్ల మంచిగ వస్తది, చౌటుప్పల్ దాటినంక గరగర మొదలైతది, చిట్యాల కాడ పాట సగం గరగర సగం, నార్కట్‌పల్లిల కుడిదిక్కు మర్లినంక ఇంక ఎవరో ఒకరు చెయ్యి చాపి బంద్ చేసి పెన్‌డ్రైవ్ పెడ్తరు. పాలమూరు పోయేటోళ్లకు షాద్‌నగర్ దాటినంక ఇదే కథ.

ఇది రేడియో ఖరాబై కాదు. ఎఫ్‌ఎం అలలు 88 నించి 108 మెగాహెర్ట్జ్ మధ్యల ఉంటయి, టార్చ్‌లైట్ వెలుతురు లెక్క దాదాపు సీదా పోతయి, గుట్ట అడ్డమొస్తే ఆగుతయి, దూరం పోయినకొద్దీ భూమి వంపే అడ్డమైతది. మీడియం వేవ్ అట్ల కాదు, నేలను పట్టుకుని మస్తు దూరం పోతది, అందుకే మా నాయన ట్రాన్సిస్టర్‌ల ఆకాశవాణి హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ మీద పొద్దుగాల పొద్దుగాల ఖంగుమని మోగేది.

కని ఈ వీడియో సిగ్నల్ గురించి కాదు. ఆ గరగర మొదలు కాకముందు, పాట పాటకు మధ్యల ఆ ఆర్‌జే ఏం చెప్తుందో ఒకసారి యాది చేసుకోండ్రి. మాదాపూర్ల ట్రాఫిక్ ఎట్లుంది, బంజారాహిల్స్‌ల కొత్త హోటల్ ఏం తెరిచిండ్రు, ఇవే. మంచిగనే చెప్తది, గొంతు కూడ మంచిగుంటది, కని నేను పోయేది నల్లగొండకు, ఆమె మాట్లాడేది నాతోని కాదు. సిగ్నల్ తెగేది చౌటుప్పల్ కాడ, మాట మాత్రం ఎల్బీనగర్ల ఎక్కినప్పుడే తెగిపోయింది.

మరి మాట తెగకుండ ఉండే రేడియో ఎట్లుంటది? నాకు అది దొరికిన చోటు మనకు మస్తు దూరం.

[విజువల్: ప్రపంచ పటం, నల్లగొండ కెల్లి సియాటెల్ దాక గీత]

అమెరికాల పడమటి ఒడ్డున సియాటెల్ అని ఊరుంది. 1972ల ఆడ వాషింగ్టన్ యూనివర్సిటీ స్టూడెంట్లు కేసీఎంయూ అని ఒక రేడియో స్టేషన్ పెట్టిండ్రు. దాని పవర్ 10 వాట్లు. మనింట్ల ఎల్‌ఈడీ బల్బు అంత. పెద్ద స్టేషన్లు ముట్టని పాటలు వీళ్లు వేసేటోళ్లు, గ్యారేజీలల్ల ప్రాక్టీస్ చేసే పోరగాళ్ల గిటార్ పాటలు, రికార్డింగ్‌కు పైసల్లేక గరుకు గరుకుగ వచ్చే పాటలు. ఆ రోజులల్ల ఇట్లాంటి సంగీతానికి మెల్లమెల్లగ ఆల్టర్నేటివ్ రాక్ అని పేరు పడ్డది. ఆల్టర్నేటివ్ అంటే అదేదో ఒక రాగమో తాళమో కాదు, పెద్ద కంపెనీ దారిల కాకుండ ఇంకో దారిల వచ్చింది అని, అంతే. 1988 సెప్టెంబర్ల బిల్‌బోర్డ్ పత్రిక ఈ పాటలకు వేరే చార్ట్ పెట్టింది, అంటే అప్పటికి కాలేజీ రేడియోలల్ల ఈ పాటలకు ఎంత బలగం జమైందో చూడండ్రి.

నన్ను ఆగి చూసేటట్టు చేసింది ఏందంటే, ఆ స్టేషన్ల మైక్ ముందర కూసున్నది ఎవరు అనేది. సౌండ్‌గార్డెన్ అని పెద్ద బ్యాండ్ ఉండె కద, దాని గిటారిస్ట్ కిమ్ తాయిల్, ఆయన తల్లిదండ్రులది మన కేరళ, ఆయన ఆ స్టేషన్ల డీజే, అంటే పాటలు వేసుకుంట మధ్యల మాట్లాడేటోడు. మడ్‌హనీ బ్యాండ్ల పాడే మార్క్ ఆర్మ్ కూడ ఆడ డీజేనే. వాళ్ల రికార్డులు అచ్చేసిన సబ్ పాప్ కంపెనీ పెట్టిన బ్రూస్ పావిట్‌ది కూడ ఆడ ఒక షో. అంటే పాట కట్టేటోడు, పాట అమ్మేటోడు, పాట వేసేటోడు, వినేటోడు, అందరు ఒకటే వాడకట్టోళ్లు. నిర్వాణ అనే బ్యాండ్ల పాడిన కర్ట్ కోబేన్ గురించి ఒక ముచ్చట చెప్తరు, 1988ల వాళ్ల బ్యాండ్ మొదటి రికార్డ్ తీసుకపోయి ఆ స్టేషన్ల ఇచ్చిండంట, వాపస్ పోతపోత రేడియో పెట్టుకుని విన్నడంట, ఎంతసేపైనా వెయ్యకపోతే దారిల ఫోన్ డబ్బా కాడ ఆగి మామూలు శ్రోత లెక్క ఫోన్ చేసి ఆ పాట వెయ్యుమని అడిగిండంట. మూడేండ్లకు, 1991ల, లోకం మొత్తం ఆయన పాట విన్నది. కని ముందుగాల ఆయన ఫోన్ కొట్టింది ఊరి రేడియోకే.

2001ల ఆ స్టేషన్ పేరు కేఈఎక్స్‌పీ అయింది, ఇప్పుడు 90.3 ఎఫ్‌ఎం, నెట్‌ల లోకమంత వింటరు.

ఇప్పుడు అసలు తేడా చెప్తా. మామూలు కమర్షియల్ స్టేషన్ల పాటలు ఆర్‌జే ఏరడు. మ్యూజిక్ డైరెక్టర్ ఒక లిస్ట్ పెడ్తడు, సాఫ్ట్‌వేర్ ఆ లిస్ట్ నించి గంటకు ఏ పాట తర్వాత ఏ పాట అని పేరుస్తది, హిట్ పాట దినాం ఎన్నిసార్లు రావాలె, ఏ పాటకు ఏ పాటకు మధ్యల ఎంత గ్యాప్ ఉండాలె, అన్ని దాంట్లనే ఫిక్స్ అయి ఉంటయి, ఆర్‌జే మధ్యల అర నిమిషమో నిమిషమో మాట్లాడతడు. అమెరికాలనైతే ఇంకొకటి ఉంది, వాయిస్ ట్రాకింగ్ అంటరు, ఒక ఊర్ల కూసున్న హోస్ట్ మాటలు ముందే రికార్డ్ చేసి పెడ్తే అవే నాలుగైదు ఊర్ల స్టేషన్లల్ల లైవ్ లెక్క వస్తయి. వినేటోడు మా ఊరి మనిషే అనుకుంటడు. ఇది నాకు శానా అన్యాయం అనిపిస్తది, ఎందుకంటే వినేటోడు నమ్మకం ఇస్తున్నడు, అటు దిక్కు మనిషే లేడు.

కేఈఎక్స్‌పీల హోస్టే పాట ఏరతడు. కొత్తయి కొన్ని వెయ్యాలె అని ఉంటది, మిగిలింది ఆ మనిషి ఇష్టం, ఆ పొద్దు ఇష్టం. బయట వాన పడ్తుంటే వాన పాట. ఎవరన్న పాటగాడు పోయిండని తెలిస్తే ఆ గంటంత ఆయనే.

[విజువల్: రాత్రి, మేడ మీద, ఫోన్, ఇయర్‌ఫోన్స్, దూరంగ లతీఫ్‌సాబ్ గుట్ట లైట్లు]

జాన్ రిచర్డ్స్ అని వాళ్ల పొద్దటి షో హోస్ట్. వాళ్లకు పొద్దున 7 అంటే మనకు రాత్రి ఏడున్నర, చలికాలంల ఎనిమిదిన్నర. మా మేడ మీద వింటుంటి. ఆయన ఏడాదికి ఒకపారి వాళ్లమ్మ పోయిన రోజు యాదిల ఒక షో చేస్తడు, ఆ పొద్దు శ్రోతలు పోయినోళ్ల గురించి రాసి పంపిస్తరు, అమ్మ, నాయన, దోస్తు, బిడ్డ, ఆయన అవి సదువుతడు, వాళ్ల కోసం పాట వేస్తడు, గొంతు ఆగితే ఆగనిస్తడు. "నువ్వు ఒంటరిగ లేవు" అనే మాట ఆయన మళ్ల మళ్ల చెప్తడు. మా నాయనమ్మ పోయిన ఏడు నేను అది విన్న. ఆ ఇంగ్లీష్ పాటలు నాకు సగం కూడ తెల్వవు, అయినా ఆ రాత్రి నేను కిందికి దిగలే.

ఎందుకో తర్వాత సమజైంది. చిన్నప్పుడు మా ఇంట్ల శ్రోతలు కోరిన పాటలు వచ్చేటప్పుడు ముచ్చట బంద్. పాట కంటే ముందు పేర్లు సదువుతరు కద, ఫలానా ఊరి కెల్లి ఫలానా ఆమె, వాళ్ల పిల్లలు, వాళ్ల దోస్తులు... పావుల కార్డు మీద రాసి పంపేటోళ్లు, నెలలు ఆగేటోళ్లు. ఒకపారి మా పక్కింటామె పేరు వచ్చింది. ఆమె బోళ్లు తోముతుంది, వినలే. మా నాయనమ్మ గోడ మీంచి ఒర్లింది, "ఓ పిల్లా, నీ పేరు చెప్పిండ్రే రేడియోల!" అని. ఆమె బూడిద చేతులతోనే ఉరికొచ్చింది, అప్పటికి పేర్లు అయిపోయినయి, పాట నడుస్తుంది, తడి చేతులతోనే మా గడపల నిలబడి పాట మొత్తం విన్నది. ఆ పాట ఆమె వెయ్యిసార్లు విని ఉంటది, కని ఆ పొద్దు విన్నట్టు ఎన్నడు విని ఉండదు. ఇయ్యాల ఫోన్ల యాప్ నా టేస్ట్ మొత్తం పట్టేసింది, ఏ పాట కావాలంటే ఆ పాట, కని దానికి నా పేరు పలకడం రాదు.

పైసల సంగతి కూడ చెప్పాలె. కేఈఎక్స్‌పీ నడిచేది ఎక్కువ శ్రోతల చందాతోని. ఏడాదిల కొన్ని రోజులు హోస్టులే మైక్‌ల అడుగుతరు, మీరిస్తేనే నడుస్తది అని. 2018ల ఒక శ్రోత చనిపోయేముందు రాసిన వీలునామా కింద దాదాపు 1 కోటి డాలర్లు ఆ స్టేషన్‌కు వచ్చినయి. ఒక రేడియోకు! చుట్టానికి రాసినట్టు రాసింది.

"అది అమెరికా, మన దగ్గర అయితదా" అంటరు. అయింది, మన తెలంగాణలనే అయింది.

[విజువల్: ఎర్రనేల, జొన్న చేను, చిన్న టవర్]

1995 ఫిబ్రవరిల సుప్రీంకోర్టు గాలిల పోయే తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసిన జడ్జిలల్ల జస్టిస్ పి.బి. సావంత్ ఉన్నడు, మన తెలుగాయన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఉన్నడు. అయినా 2002 దాక కమ్యూనిటీ రేడియోకు, అంటే ఒక ఊరోళ్లు లాభం చూసుకోకుండ తమ కోసం తామే నడుపుకునే చిన్న రేడియోకు, దారి తెరుచుకోలే, తెరిచినప్పుడు కూడ కాలేజీలు, యూనివర్సిటీలకే, స్వచ్ఛంద సంస్థలకు 2006 దాక ఇయ్యలే. 2008 అక్టోబర్ 15న జహీరాబాద్ దిక్కు మాచనూర్ల సంఘం రేడియో మొదలైంది. నడిపేది డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల దళిత ఆడోళ్లు. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అని ఇద్దరు, మైక్ వాళ్లదే, రికార్డింగ్ వాళ్లదే, ఎడిటింగ్ వాళ్లదే. విత్తనాల ముచ్చట, చిరుధాన్యాలు, పెండ్లి పాటలు, బతుకమ్మ పాటలు, అన్నీ వాళ్ల యాసల. రేడియోల మాట్లాడాలంటే పుస్తకం భాష రావాలె అనేది వాళ్లు తీసి అవతల పెట్టిండ్రు. నా లెక్కల వాళ్లు చేసింది ఆల్టర్నేటివ్ రేడియోనే, గిటార్ లేదు అంతే.

కమ్యూనిటీ రేడియో రూల్స్ కొన్ని. పవర్ 100 వాట్లు, టవర్ 30 మీటర్లు దాటొద్దు. సిగ్నల్ అటూ ఇటుగ 10 కిలోమీటర్లు పోతదనుకుందాం. మన నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ల కంపాస్ ముల్లు గుచ్చి గుండ్రం గీస్తే 314 చదరపు కిలోమీటర్లు. పట్నం మొత్తం వస్తది, పానగల్లు వస్తది, అన్నెపర్తిల మహాత్మాగాంధీ యూనివర్సిటీ అంచుకు వస్తది. తక్కువ అంటరా? నాకైతే ఇదే సరైన సైజు. హోస్ట్‌కు వినేటోళ్ల వాడకట్టు తెలిసి ఉండే సైజు. ప్రోగ్రామ్‌లల్ల సగమన్న ఆడనే తయారు కావాలె, యాడ్స్ గంటకు 12 నిమిషాలు వేసుకోవచ్చు, 2024ల పెంచిండ్రు. ఒక్క మనిషి పోయి లైసెన్స్ అడిగితే ఇయ్యరు, కనీసం మూడేండ్ల సంస్థ ఉండాలె, పార్టీలకు ఇయ్యరు. సొంతంగ వార్తలు చెప్పొద్దు. ఈ రూల్ నాకు నచ్చదు, కని కరెంట్ ఎప్పుడు పోతది, నల్లా ఎప్పుడొస్తది, పరీక్షల తేదీలు, వానలు, జాతరలు, ఇవి చెప్పుకోవచ్చు. ఒక ఊరికి రోజూ కావాల్సింది సగం అదే కద.

2024 ఆగస్టుల కేంద్ర కేబినెట్ 234 కొత్త పట్టణాలల్ల 730 ప్రైవేట్ ఎఫ్‌ఎం చానెళ్ల వేలానికి ఒప్పుకుంది, ఆ లిస్ట్‌ల నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట పేర్లున్నయి. రానియ్యండ్రి, మంచిదే. కని వేలం పాడినోడు పెట్టిన పైసలు రాబట్టుకోవాలె, హైదరాబాద్ల తయారైన షో తెచ్చి ఈడ పెట్టుడు వానికి సులువు. అట్లయితే మన ఊర్ల టవర్ ఉంటది, మన ఊరి మాట ఉండది. అందుకే నేను కమ్యూనిటీ రేడియోనే అడుగుతున్న. మేము నలుగురం దోస్తులం ఒక కాలేజీకి పోయి అడిగినం, మీ పేరు మీద పెడ్దాం, పని మేము చేస్తం అని. పిల్లలు సదువు పాడు చేసుకుంటరు అన్నరు. ఆ మాట నాకు ఇప్పటికీ నొప్పి. పదో తరగతిల ఒక్క ముక్క గట్టిగ మాట్లాడని పిల్లగాడు మైక్ దొరికితే ఎట్ల మారతడో నేను కండ్లార చూసిన.

పాటలకు కొదవ లేదు. నాగర్‌కర్నూల్ దిక్కు దర్శనం మొగులయ్య గారి 12 మెట్ల కిన్నెర ఉంది, 2022ల పద్మశ్రీ ఇచ్చిండ్రు, ఆ వాద్యం ఊర్ల రోజూ మోగే జాగ ఏది? చిందోళ్లున్నరు, ఒగ్గోళ్లున్నరు, మన ఉర్దూ గల్లీలల్ల గజల్ పాడే పెద్దమనుషులున్నరు. హైదరాబాద్ల చౌరస్తా, కాప్రిసియో లాంటి తెలుగు బ్యాండ్లు వచ్చినయి, ఇంజనీరింగ్ కాలేజీలల్ల డ్రమ్స్ కొట్టే పోరగాళ్లున్నరు, వాళ్లకు యాన్యువల్ డే ఒక్కటే స్టేజ్.

[విజువల్: ఖాళీ గది, ఒక టేబుల్, మైక్, గోడకు గుడ్డు ట్రేలు]

మొదటి రోజు మొదటి గంట నేను రాసి పెట్టుకున్న. సాయంత్రం ఆరున్నరకు, దుకాణాలల్ల లైట్లేసే టైం. ముందుగాల కిన్నెర. దాని ఎనకనే, మధ్యల యాడ్ లేకుండ, మన కాలేజీ పోరగాళ్ల గిటార్ పాట, మొదటిపారి రేడియోల. ఆ రెండు అయినంక మైక్ తెరిచి, పానగల్లు రోడ్డుల నల్లా రేపు పొద్దున ఎన్నింటికొస్తదో చెప్త, తర్వాత ఒక కార్డు తీస్త, ఊరు సదువుత, పేరు సదువుత, ఇంట్లోళ్లందరి పేర్లు సదువుత, మెల్లగ, ఎవరన్న బోళ్లు తోముతుంటే ఉరికొచ్చేంత టైం ఇచ్చి.